వంతు భోజనం

మే నెలలో కాలవలు కట్టేస్తారు. అందుచేత నరసాపురంలో రైలు దిగి పడవ ఎక్కవలసిన జీవరత్నం మాస్టారు గొడుగు విప్పుకుని కాలవగట్టు వెంట నడక సాగించారు. కాలవ అడుగున మిగిలిన బురదనీళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు పాత చీరముక్క పట్టుకుని చేపపిల్లల కోసం గాలిస్తున్నారు. ఐదు మైళ్ళ దూరం. దారిలో తాటిచెట్టు కింద కుండ పెట్టుకుని కూర్చున్న ముసలాయన అడక్కుండానే చెంబెడు మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ చల్లటి నీళ్ళు తలుచుకుంటూ మరో మైలు నడిచారాయన.

ఆయన భుజానికున్న గుడ్డసంచిలో రెండు అచ్చు ఫారాలున్నాయి. కొవ్వూరులో లూథరన్ సంఘంవారి చిన్న శిక్షణాలయంలో మాస్టారు బోధనాపద్ధతులు చెబుతారు. అక్కడ చదివే ఆడపిల్లలంతా రేపు బైబిలు స్త్రీలుగా వెళ్ళవలసినవాళ్ళు. బైబిలు స్త్రీ అంటే సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకూ పిల్లలకూ వాక్యం చెప్పే మనిషి. రెండేళ్ళ చదువు చివర వేసవిలో ఇద్దరిద్దర్ని ఒక్కో ఊరికి పంపుతారు. పది రోజులు పిల్లలకు సెలవుల బైబిలు బడి నడపాలి, సాయంత్రాలు ఇళ్ళు దర్శించాలి. ఎనిమిదోరోజున మాస్టారు వెళ్ళి, చూసి, మార్కులు వేస్తారు. ఫారంలో నాలుగు గళ్ళు: బోధన, పాట, గృహదర్శనం, నడవడి. ఏ గడిలో నలభైకి తగ్గినా పట్టా లేదు. పట్టా లేనిదే ఉద్యోగం లేదు.

గృహదర్శనం అన్న గడి మాస్టారి సొంత ఆలోచన. ఊరికి వెళ్ళిన పిల్ల ఒక్క ఇంట్లో మకాం పెట్టకుండా రోజుకో ఇంట్లో వంతు భోజనం చెయ్యాలని నియమం పెట్టించింది ఆయనే. ఒక ఇంటి అన్నం తిన్నవాళ్ళకు ఆ ఇంటి కష్టం తెలియకుండా ఉండదని ఆయన నమ్మకం. ఎన్ని ఇళ్ళలో తింటే అన్ని పదుల మార్కులు. పది ఇళ్ళకు నూరు.

మొన్న ఈ ఊరి సంఘపెద్ద సమాధానం దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'మీనాకుమారి అన్ని ఇళ్ళతో కలిసిపోయినది. చిట్టెమ్మ ఏ ఇంటికీ వచ్చుట లేదు. గర్వము మెండుగా ఉన్నది. గుడి అరుగుమీదనే భుజించుచున్నది.' సమాధానం మాస్టారికి స్వయానా బావమరిది. ఏడాది కిందట పోయిన ఆయన భార్య కరుణమ్మ పుట్టినూరు ఇదే. చిట్టెమ్మ ఆ ఏడాది తరగతిలో అందరికన్నా ముందున్న పిల్ల. అలాంటి పిల్లకు గర్వం తలకెక్కితే ఎలా మందలించాలా అని మాస్టారు దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నారు. గట్టిగా అనకూడదు, మెత్తగా చెప్పాలి అనుకున్నారు.

ఊళ్ళోకి వచ్చేసరికి గుడిలోంచి పిల్లల నవ్వులు వినిపించాయి. పెంకుల గుడి. బల్లలన్నీ గోడకు నెట్టేసి నలభైమంది పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టింది చిట్టెమ్మ. ఫ్లానెల్ గుడ్డ చుట్టిన అట్టమీద కాగితపు బొమ్మలు అతికించి కథ చెబుతోంది. నడవలేని మనిషిని నలుగురు మంచంమీద మోసుకొచ్చారు, వాకిట్లో జనం కిక్కిరిసి దారి ఇవ్వలేదు, ఇంటికప్పు ఊడదీసి లోపలికి దించారు. అదీ కథ. ఆమె చేతిలో కత్తెరతో కత్తిరించిన తాటాకుల కప్పు ఉంది. దాన్ని ఒక్కో ఆకూ లాగుతోంది.

"టీచర్, కప్పు పీకేస్తే ఇంటాయన తిట్టలేదా?" అని ఒకడు లేచాడు.

"తిట్టే ఉంటాడు. మీ ఇంటికప్పు పీకితే మీ నాన్న ఊరుకుంటాడేంటి?"

"కర్ర తీస్తాడండి!"

"మరి ఆ నలుగురూ కర్రదెబ్బకు కూడా సిద్ధపడే ఎక్కారన్నమాట."

పిల్లలు గొల్లున నవ్వారు. గుమ్మంలో నిలబడి మాస్టారూ నవ్వారు. బోధన గడిలో ఆయన మనసులోనే తొంభై వేసేశారు. కోటేరులాంటి ముక్కు, నూనె రాసి బిగించిన జడ, ఇస్త్రీ లేకపోయినా మడత చెదరని తెల్లచీర. ఈ పిల్లకు గర్వమా అనిపించింది. పక్కన మీనాకుమారి హార్మోనియం దగ్గర కూర్చుని ఉంది. మాస్టారిని చూసి ఆమె ముఖం ఎందుకో పాలిపోయింది.

పన్నెండు గంటలకు సమాధానం వచ్చాడు. నరసాపురం లేసు వ్యాపారులకు ఊళ్ళో ఆడవాళ్ళ చేత లేసు అల్లించి చేరవేసే పని అతనిది. చంకలో ఎప్పుడూ ఒక లేసు కట్ట ఉంటుంది.

"దయచెయ్యండి బావగారూ, బుజ్జమ్మ మీకోసం రొయ్యలూ మామిడికాయా వండింది. అమ్మాయ్ మీనా, నువ్వూ రా."

"చిట్టెమ్మో?" అన్నారు మాస్టారు.

"రాదండి. ఎన్నిసార్లు పిలిచాం! ఆ పిల్ల దారి ఆ పిల్లది." 

చిట్టెమ్మ తల వంచుకుని కాగితపు బొమ్మలు వరసగా పుస్తకంలో పెట్టుకుంటోంది. తల ఎత్తలేదు. మెత్తగా చెప్పాలనుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి గానీ, భోజనమయ్యాక చెబుదాంలే అని మాస్టారు బావమరిది వెంట నడిచారు. ఇంట్లో అతని భార్య బుజ్జమ్మ పీట వేసి, విసనకర్రతో విసురుతూ, "అన్నయ్యగారూ, చిక్కిపోయారు" అని కన్నీళ్ళు పెట్టుకుంది. కూర రుచిగా ఉంది. మీనాకుమారి మాత్రం నాలుగు ముద్దలు తిని లేచిపోయింది.

తిరిగి వచ్చేసరికి గుడి అరుగుమీద చిట్టెమ్మ భోంచేస్తోంది. ముందు సత్తుపళ్ళెం. అందులో అన్నం, పప్పు. ఒక పక్కన వీరమ్మ అనే ముసలావిడ కూర్చుని తాటాకు విసనకర్రతో ఈగలు తోలుతోంది. ఎండ అరుగంతా పరుచుకుని ఉంది. ఇద్దరూ గోడవారనున్న జానెడు నీడలోకి ఒదిగి కూర్చున్నారు. మాస్టారిని చూసి వీరమ్మ గబుక్కున లేచి, విసనకర్ర అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తినడం పూర్తిచేసి చిట్టెమ్మ పళ్ళెం తనే కడిగి, గుడి వెనక చూరులో బోర్లించింది. ఆ చూరులో ఆ పళ్ళెం ఒక్కటే ఉంది.

మాస్టారు ఆ పళ్ళెంవంక కాసేపు చూశారు. మందలింపు మాటలు వాయిదా వేశారు.

మర్నాడు శుక్రవారం సాయంత్రం ఆయన, "పదండమ్మా, ఇళ్ళు చూద్దాం. ఇద్దరూ రండి, నేనూ వస్తాను" అన్నారు.

"నేనెందుకండి, మీనా వస్తుంది కదండీ" అంది చిట్టెమ్మ.

"నీ మార్కులు కూడా వెయ్యాలి కదమ్మా."

ఆమె కొంగు భుజంచుట్టూ తిప్పుకుని బయల్దేరింది.

మొదటి ఇంటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చి, వెనక తలుపు దగ్గరగా లాగింది. "లోపల ఉక్కండి మాస్టారండీ, ఇక్కడ గాలొస్తది" అంటూ మాస్టారికి స్టూలు వేసింది, మీనాకుమారికి చాప పరిచింది. రెండో ఇంట్లో పొయ్యి పొగ. మూడో ఇంట్లో చంటిబిడ్డకు జలుబు. ఏ ఇంటికైనా ఏదో ఒకటుంది. ఉండకూడదని లేదు. అయితే మూడో ఇంటి దగ్గర మాస్టారి చూపు చిట్టెమ్మ పాదాలమీద పడింది. చూరునీళ్ళు పడి నేలమీద గాడి కట్టిన చోటుకు సరిగ్గా ఇవతల ఆ పాదాలు ఆగిపోయాయి. ఎవరూ ఆగమనలేదు. నాలుగో ఇంటి దగ్గరా అలాగే, గాడికి ఇవతలే. చీకట్లో నడిచినా తప్పదన్నంత అలవాటుగా ఆగాయి.

ఐదో ఇంట్లో అత్తాకోడళ్ళు అరుగుమీద లేసు అల్లుతున్నారు. అత్త తలెత్తి, "ఏవమ్మాయ్, నువ్వు అల్లే ఆ నెమలి కన్ను పువ్వు నాకింకా అర్థం కాలేదే. ముక్క తెచ్చావా?" అంది.

చిట్టెమ్మ చేతిసంచిలోంచి అరచేతంత లేసుముక్క తీసింది. వంగి, గాడి పక్కన అరుగుమెట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. కోడలు లేచి వచ్చి దాన్ని తీసుకుంది. ఇద్దరూ వెలుతురుకు పట్టుకుని, సూది మొనతో ఒక్కో కన్నూ లెక్కపెట్టి, "ఓసినీ, ఇక్కడ మూడు గొలుసులు వదలాలన్నమాట! ఎంత తెలివే నీది!" అని మురిసిపోయారు. నేర్చుకున్నాక ముక్కను మళ్ళీ మెట్టుమీదే పెట్టారు.

మాస్టారు చప్పున వెనుదిరిగారు. వీధిలోకి రాగానే ఆగారు.

"ఏంటమ్మా ఇది?"

చిట్టెమ్మ లేసుముక్క దులిపి సంచిలో పెట్టుకుంది. "మొదటిరోజు వీరమ్మగారి ఇంట్లో తిన్నానండి. చేపలపులుసు పోశారు, బాగుంది. తింటుంటే వాళ్ళబ్బాయి వచ్చి, ఎవరి పిల్లవి, ఏ ఊరు, ఏ పేట అని అడిగాడండి. పెద్దాపురం దగ్గర, మాదిగపేట అన్నాను. అంతేనండి. రెండోరోజు నుంచి పళ్ళెం అరుగుమీదకు వస్తోంది."

"నువ్వెందుకు చెప్పావే?" అంది మీనాకుమారి ఏడుపుగొంతుతో. "మాట మార్చెయ్యలేకపోయావా?"

"చేతిలో బైబిలు పెట్టుకుని అబద్ధం ఆడమంటావేంటే?"

మాస్టారు ఆ వీధిని మళ్ళీ చూశారు. ఇది మాలపేట. ఊరు తమను బావి దగ్గరకూ బడిలోకీ రానివ్వలేదని, యేసయ్య రానిచ్చాడని, ప్రతి పండక్కీ ఇక్కడివాళ్ళు సాక్ష్యం చెబుతారు. కరుణమ్మ తండ్రి చెప్పాడు. సమాధానం చెప్పాడు. ఆ సాక్ష్యాలు విని మాస్టారి కళ్ళు చెమర్చిన రోజులున్నాయి. అలాంటి ఈ వీధిలోనే ఆడపిల్ల పాదాలకు చూరుగాడి ఎల్లగా మారింది. పైగా గర్వమని కార్డు! ఆ కార్డు నమ్మి, ఐదు మైళ్ళు మందలింపు కూర్చుకుంటూ వచ్చిన తనమీద కూడా ఆయనకు కోపం వచ్చింది.

ఇంకో ఇల్లు మిగిలింది. బజారులో వర్తకులు గున్నేశ్వరరావుగారి ఇల్లు. ఆయన భార్య అన్నపూర్ణమ్మకు కథలంటే ఇష్టం. శుక్రవారంనాడు బైబిలు స్త్రీలు వస్తే పెరట్లో కూర్చోబెట్టి కథ చెప్పించుకుంటుంది. మాస్టారికి వీధి అరుగు చూపించి, ఆడపిల్లలిద్దర్నీ పక్కసందులోంచి పెరట్లోకి రమ్మంది. అరుగు చివర కూర్చున్న మాస్టారికి పెరటి పక్కగోడమీదుగా అంతా కనిపిస్తూ, వినిపిస్తూనే ఉంది. ఇద్దరికీ ఒకటే గోనెపట్టా. అన్నపూర్ణమ్మ చేటలో కందిపప్పు ఏరుకుంటూ, "ఆ మంచం మీద దించినవాడికి తరవాత పెళ్ళయిందటే?" అని అడిగింది. చిట్టెమ్మ అయ్యే ఉంటుందండి అంది. కథయ్యాక అన్నపూర్ణమ్మ ఇద్దరికీ చెరో బెల్లంముక్క విసిరినట్టు కాకుండా, వంగి, మెల్లిగా వేళ్ళు తగలకుండా అరచేతుల్లో వదిలింది. నీళ్ళడిగితే చెంబు ఎత్తి పైనుంచి పోసింది. ఇద్దరూ పక్కపక్కన దోసిళ్ళు పట్టారు.

"చూశావే మీనా," అంది చిట్టెమ్మ మూతి తుడుచుకుంటూ, "మనిద్దరికీ ఒకే వరస కుదిరింది ఇక్కడ ఒక్కచోటే."

మీనాకుమారి నవ్వలేదు. దోసిట్లో మిగిలిన నీళ్ళు వదిలేసి, ఆ తడి చేతుల్తోనే ముఖం కప్పుకుని ఏడ్చేసింది. "తిన్నానే రోజూ, నువ్వు ఎండలో ఉంటే నేను లోపల తిన్నానే" అంది.

"నీ మార్కులు నీకు రావాలి కదే. ఏడవకు, ఆవిడ చూస్తోంది."

మాస్టారు ఆ సాయంత్రం సమాధానం ఇంట్లో పీటమీద కూర్చోలేదు. సమాధానం వాకిట్లో నులకమంచం మీద లేసుకట్ట విప్పి, మూరకర్రతో కొలుచుకుంటున్నాడు.

"కార్డులో గర్వమని రాశావేంటి సమాధానం?"

"మరేం రాయమంటారండీ?" అన్నాడతను కొలత ఆపకుండా. "ఉన్నమాట రాస్తే బాగుంటుందా?"

"ఉన్నమాట నీకు తెలుసన్నమాట!"

"నాకేం పట్టింపు లేదు బావగారూ. ప్రమాణం చేసి చెబుతున్నాను. కానీ నేను ఇంట్లో పెట్టానంటే రేపు పేటలో నాకు నిప్పు పుట్టదు. లేసు ఎవరల్లుతారు? అందర్నీ కలుపుకుపోవలసినవాణ్ణి."

"ఎవర్ని కలుపుకుపోతున్నావయ్యా? ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగి ప్రభువు బల్ల పుచ్చుకుంటారే ఆదివారం! ఆ పిల్ల తాగిన గిన్నెలోనే కదా మొన్న నువ్వూ తాగావు!"

"అది గుడి సంగతండి," అన్నాడు సమాధానం. "ఇది ఇల్లు."

మాస్టారి గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "రాస్తాను! ఈ మాటంతా రాస్తాను! మంగళవారం శిక్షణాలయం కమిటీలో చదివి వినిపిస్తాను!"

బుజ్జమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సమాధానం మూరకర్ర పక్కన పెట్టాడు. అతనికి కోపం రాలేదు. అదే ఎక్కువ బాధించింది.

"రాయండి. రాస్తే సంఘం తరఫున సంతకం పెట్టవలసింది నేను. పెట్టను. సంతకం లేని ఫారం చెల్లదు. ఆ పిల్ల మళ్ళీ ఏడాది చదవాలి. ఎవరికి నష్టం బావగారూ? నాకా?" కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకో దారి ఉంది. గృహదర్శనంలో ఎనభై వేసెయ్యండి. నేను కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. పిల్ల పట్టా పిల్లకొస్తుంది. మన పేట పరువు మనకుంటుంది. అక్క బతికుంటే ఇదే చెప్పేది."

మాస్టారు మంచం చివర కూలబడ్డారు. కోపం మెల్లగా దిగి, దాని చోట ఒక ఉపాయం దొరికిన నిమ్మళం వచ్చి కూర్చుంది. పెద్ద న్యాయం జరగనప్పుడు చిన్న దయ అయినా చేతికందితే వదులుకోకూడదని ఆయన అనుకునేవారు. ఎనభై. పిల్లకు పట్టా. ఇంకేం కావాలి? బుజ్జమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే తీసుకుని తాగారు.

శనివారం పొద్దున్న, ముగింపు కార్యక్రమానికి చిట్టెమ్మ గుడి అరుగుమీద రంగుకాగితాల తోరణాలు అతికిస్తోంది. పక్కన గిన్నెలో మైదా జిగురు. మాస్టారు ఫారం తీసుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నారు. చాలాకాలం తరవాత ఆయన మనసు తేలిగ్గా ఉంది.

"నీ పని అయిపోయిందమ్మా. బోధన తొంభై, పాట అరవై, నడవడి తొంభై, గృహదర్శనం ఎనభై. సమాధానం సంతకం పెడతానన్నాడు."

చిట్టెమ్మ జిగురువేలు ఆగింది. "ఎనిమిది ఇళ్ళండీ?"

"ఆఁ."

"ఏ ఎనిమిది ఇళ్ళండీ?"

మాస్టారు తడుముకున్నారు. "ఇళ్ళ పేర్లు రాయక్కర్లేదమ్మా ఇందులో. అంకె వేస్తే చాలు."

"నేను తిన్నది ఒక్క ఇంట్లోనండి. వీరమ్మగారింట్లో. పది వెయ్యండి."

"పది వేస్తే తప్పుతావు చిట్టెమ్మా!"

"తెలుసండి." ఆమె జిగురు కొంగుకు తుడుచుకోబోయి, ఆగి, కాగితానికి తుడుచుకుంది. "నా వెనక బ్యాచ్‌లో కాంతమ్మ ఉందండి. మా పేట పిల్లే. వచ్చే వేసవికి మీరు పాత ఫారాలు తీసి చూస్తారు. ఈ ఊళ్ళో చిట్టెమ్మకు ఎనభై వచ్చింది, మంచి ఊరు అనుకుంటారు. దాన్ని ఇక్కడికే పంపుతారు. అది నా అంత మొండిది కాదండి, మూడోరోజుకే పారిపోయి వచ్చేస్తుంది. అప్పుడు దానికీ గర్వమని కార్డు వస్తుంది."

"మరి నీ ఉద్యోగం? మీ అమ్మ?"

"అమ్మకేం చెప్పాలో తెలీదండి." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, చేతులకు జిగురుంది కదా. "పట్టా నాకొద్దని కాదండి. మా ఇంట్లో అందరూ దానికోసమే చూస్తున్నారు. కానీ పది వెయ్యండి. ఎందుకు పదో కూడా రాయండి."

మాస్టారికి నిన్నటి కోపం రెట్టింపై తిరిగొచ్చింది. ఈసారి దానికి దారి కూడా కనిపించింది. ఫారం తిరగేశారు. వెనక ఖాళీ. "రాస్తాను. ఈ ఇళ్ళన్నీ పేరుపేరునా రాస్తాను. నిన్ను గుమ్మం ఎక్కనివ్వని ప్రతి ఇల్లూ..."

"ఈ ఊరివేనా అండీ?" 

అన్న తరవాత చిట్టెమ్మ నాలుక కరుచుకుంది. తోరణం పైకెత్తి చూసుకుంది. మాస్టారు ఊరుకోలేదు. "ఇంకెక్కడ జరిగింది? చెప్పు. హాస్టల్లోనా? వంటింట్లోనా? చెప్పమ్మా, అదీ రాస్తాను."

"వద్దండి."

"చెప్పమంటున్నానా!"

ఆమె తోరణంవంకే చూస్తూ చెప్పింది. "ఆదివారాలు మీ ఇంటికి టీకి వచ్చేవాళ్ళం కదండీ. అమ్మగారు ఉన్నప్పుడు. అందరికీ స్టీలు గ్లాసులు. నాకు సత్తు గ్లాసు ఉండేదండి. అంచు సొట్టపోయింది. వరండా కిటికీలో ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ కిటికీలో పెట్టేదాన్ని. అమ్మగారు మంచివారేనండి. నాకు జ్వరమొస్తే జావ పంపారు. ఆ గ్లాసులోనే పంపారు."

మాస్టారికి ఆ కిటికీ గుర్తుకొచ్చింది. ఆ గ్లాసు ఇంకా కిటికీలోనే ఉంది. ఏడాదిగా ఆయన అందులో వేపపుల్లలు పెట్టుకుంటున్నారు. ఆ గ్లాసు అక్కడ ఎందుకుందని ఏనాడూ ఆయనకు తోచలేదు. ఇంటినిండా ఉన్న గ్లాసుల్లో అదొక్కటే వంటింట్లోకి ఎందుకు రాదో అడగలేదు. ఆదివారం సాయంత్రాలు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఆడపిల్లల కబుర్లకు నవ్వుకుంటూ, తన ఇల్లెంత కళకళలాడుతోందో అని సంతోషించేవారు.

కలం తీశారు. గృహదర్శనం గడిలో పది వేశారు. ఫారం వెనక పైన 'కారణము' అని రాసి, కింద వరసగా రాసుకుంటూ పోయారు. ఒకటి: కరుణమ్మ ఇల్లు, కొవ్వూరు. రెండు: సమాధానం ఇల్లు. మూడు, నాలుగు, ఐదు. నిన్న చూసిన ఇళ్ళన్నీ. ఏ ఇంటి దగ్గర ఏ మాట చెప్పి తలుపు లాగారో అదీ రాశారు. ఉక్క, పొగ, జలుబు. అట్ట ఒడిలో పెట్టుకుని రాస్తూంటే చెమట బొట్లు కాగితం మీద పడుతున్నాయి. చిట్టెమ్మ తోరణాలు పక్కకు తీసి చోటిచ్చింది.

రాయడం అయ్యేసరికి సమాధానం వచ్చాడు. సంతకానికి కలం జేబులో పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఫారం అందుకుని ముందు గడిలోని అంకె చూశాడు. వెనక్కి తిప్పాడు. చదువుతూ చదువుతూ మొదటి వరసకే మళ్ళీ వెళ్ళాడు.

"మా అక్క పేరా!" అన్నాడు. నిన్నంతా రాని కోపం ఇప్పుడొచ్చింది. "చచ్చిపోయిన మనిషిని బజారుకీడుస్తారా బావగారూ? మీరు చదువుకున్నవారు, మీకిది న్యాయమేనా?" ఫారం అరుగుమీద పడేసి, కలం జేబులోంచి తియ్యకుండానే గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

మాస్టారు అలాగే కూర్చుండిపోయారు. గుడి లోపల మీనాకుమారి పిల్లలకు సాయంత్రం పాట నేర్పుతోంది. నలభై గొంతులూ నాలుగు దిక్కులా పోతున్నాయి. సంతకం లేదు. మంగళవారం కమిటీవారు ఈ కాగితం తీసుకుంటారో లేదో తెలియదు. తీసుకోకపోతే నిలబడి పెద్దగా చదవాలి, ఎవరు కూర్చోమన్నా కూర్చోకూడదు. చదవగలనా అని తనను తాను అడుగుతున్నారు.

చిట్టెమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఫారం తీసింది. నిలబడే మొత్తం చదివింది. వీధిలో ఒక్కో ఇల్లూ దాటుతున్నట్టు నెమ్మదిగా చదివింది.

"మాస్టారండీ, సమాధానంగారు అన్న ఆ ఒక్క మాట మట్టుకు న్యాయమేనండి."

మాస్టారు తలెత్తారు.

"అమ్మగారు కమిటీకి వచ్చి జవాబు చెప్పుకోలేరు కదండీ. గ్లాసు ఇచ్చింది ఆవిడే. ఎదురుగా కుర్చీలో కూర్చున్నది మీరు." ఆమె గొంతులో కోపం లేదు. తరగతిలో లెక్క తప్పు చూపించినట్టు వేలు మొదటి వరస మీద పెట్టింది. "ఇక్కడ మీ పేరు ఉండాలండి."

మాస్టారు ఫారం తీసుకున్నారు. భార్య పేరు మీద ఒక్క గీత గీశారు. అది చాలక ఇంకో గీత గీశారు. పైన చోటు మిగల్లేదు. మార్జిన్‌లోకి కాగితం అడ్డంగా తిప్పి, విద్యార్థుల పట్టాల మీద సంతకం పెట్టేటప్పటిలాగే పూర్తిగా, ఇంటిపేరుతోనూ బి.ఏ.తోనూ సహా, తన పేరు రాశారు.

సిరా ఆరేదాకా చిట్టెమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులా ఎండకు పట్టుకుని నిలబడింది.